రెండో ట్రిగ్గరు

"చిన్నాయనా, మేకుల గన్ను ఒకటి కొనాల. ఏది కొనమంటావు?" అని పార్వతి ఫోన్ చేసి అడిగింది.

ముప్పై ఏళ్ళు కొయ్యపనిలో బతికినవాణ్ణి. చివరి పదేళ్ళు, మొదట సుత్తులతో, తర్వాత కంప్రెసరు గాలితో నడిచే గన్నులతో పెట్టెలు కొట్టే షెడ్డుకు ఫోర్‌మన్‌గా ఉన్నాను. ఇలాంటి ప్రశ్నకు నిలుచున్న చోటే జవాబు చెప్పగలగాలి. నేను "రేపు చెప్తానమ్మా" అన్నాను. నాలుగు రోజులైనా చెప్పలేదు.

పార్వతి మా ఓబులేసు కూతురు. ఉరవకొండలో చీనీ (బత్తాయి) కాయలకు, టమోటాలకు చెక్కపెట్టెలు చేసే చిన్న షెడ్డు నడుపుతోంది. తనూ, ఇంకో ఇద్దరు ఆడమనుషులూ ఇప్పటికీ సుత్తితోనే కొడుతున్నారు. ఓబులేసు గుంతకల్లులో నా దగ్గర పనిచేశాడు. అక్కడ ఒకరోజు గన్ను పేలి, మేకు అతని ఎడమ అరచేతిలో దిగి అవతలికి వచ్చింది. ఆ చేతి రెండు వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. ఆ గన్నును ఎంచింది నేను. పోయిన ఏడాది ఓబులేసు చనిపోయాడు, వేరే జబ్బుతో. ఇప్పుడు అతని కూతురి చేతికి ఏ గన్ను ఇవ్వాలో నేనే చెప్పాలి.

ఆమెకు జవాబుగా మొదలుపెట్టిన కాగితాలివి. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళు ఎవరైనా చదువుకోవచ్చు. నాకు జీతం ఎప్పుడు పెరిగిందో, శాలువా ఎవరు కప్పారో ఇందులో ఉండదు. తప్పులు ఉంటాయి. వాటిలో ఏది ఎంత తప్పో నాకు ఇంకా తేలలేదు. తేలినట్టు రాయడం నాకు చేతకాదు.

సుత్తి రోజులు

మా షెడ్డు గుంతకల్లు ఊరి చివర, రైలు పట్టాలకు దగ్గరగా ఉండేది. నునుపు పట్టిన బండలకు చెక్కపెట్టెలు చేసి, అందులో బండలను బిగించి, వ్యాగన్లకు ఎక్కించేవాళ్ళం. పెట్టె గట్టిగా ఉంటే బండ ఊరు చేరుతుంది. లేకపోతే ముక్కలు చేరతాయి. మా పనంతా అంతే.

తొంభైల చివరిలో రెండేళ్ళు వరసగా వాన ఎగ్గొట్టినప్పుడు ఓబులేసు విడపనకల్లు వైపు నుంచి వచ్చాడు. ఆరెకరాల మెట్ట ఉంది. విత్తిన వేరుశనగ విత్తినట్టే ఎండిపోయింది. నాకంటే నాలుగేళ్ళు పెద్ద.

"సుత్తి ఎప్పుడన్నా పట్టినావా అన్నా?" అని అడిగాను.

"గొర్రు పట్టినా, గుంటక పట్టినా. సుత్తి దానికంటే బరువుంటాదా?"

"బరువు కాదు. గురి కావాల."

"గురి లేకనే గదప్పా, ఆరెకరాలు పెట్టుకోని నీ కాడికొచ్చింది," అన్నాడు.

నేను నవ్వాను. అతను నవ్వలేదు. మర్నాటి నుంచి పనిలోకి వచ్చాడు.

మా ప్రాంతపు గాలికి కొయ్యలో తడి నిలవదు. కోసిన నీలగిరి పలక నెల తిరక్కుండానే పెళుసు బారుతుంది. పలక అంచున మేకు కొడితే చీలుతుంది. పాత వడ్రంగులకు దీనికి ఒక ఉపాయం ఉంది. మేకును తలకిందులుగా నిలబెట్టి, మొన మీద సుత్తితో ఒక చిన్న దెబ్బ వేసి మొద్దు చేస్తారు. ఆ తర్వాత కొడతారు. మొన వాడిగా ఉంటే నారను రెండు పక్కలకూ తోసుకుంటూ పోయి పలకను చీలుస్తుంది. మొద్దుగా ఉంటే ఎదురైన నారను తెంపుకుంటూ దిగుతుంది.

ఓబులేసు దీన్ని వారం రోజులు నమ్మలేదు. "మచ్చుకత్తికి సాన పడతారు గానీ, మొన మొద్దు జేసేది యాడన్నా ఉండాదా? మొలను మొండిజేస్తే కొయ్య పగలదంట. ఇదేం న్యాయమప్పా." మా వైపు మేకును మొల అంటారు. వారం తర్వాత, పగిలిన పలకలన్నీ తనవే అని కళ్ళారా చూసుకుని, ఎవరికీ చెప్పకుండా మొనలు మొద్దు చేయడం మొదలుపెట్టాడు. ఆరు నెలలకు షెడ్డులో అందరికంటే శుభ్రంగా కొట్టేవాడు అతనే.

ఇది ఎందుకు రాశానంటే, గన్నులో మేకు మీరు చెప్పినట్టు వినదు. దాని మొన దానిదే. అంచుకు దగ్గరగా కొడితే మా ఎండు కొయ్య పగులుతుంది. గన్ను ఎంత మంచిదైనా సరే, అంచు నుంచి రెండు వేళ్ళ ఎడం వదిలి కొట్టండి. సుత్తి తెలియకుండా గన్ను పట్టినవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పరు.

అందం చూసి కొన్న గన్ను

మా సేటు మంచివాడే. తొందర మనిషి. పొద్దున షెడ్డులోకి అడుగుపెడుతూనే ఒకే మాట అడిగేవాడు. "ఎన్ని పెట్టెలు అయినాయి?" పన్నెండు అంటే "పదహైదు ఎందుకు కాలేదు" అనేవాడు. పదహైదు అంటే "అంటే నిన్న పన్నెండుతోనే సరిపెట్టినారన్నమాట" అనేవాడు.

ఒకసారి బెంగళూరు నుంచి గన్నుల బొమ్మలున్న పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు. "నువ్వు చదువుకున్నోనివి. చూసి చెప్పు."

నేను చదువుకున్నవాణ్ణన్న పేరు షెడ్డులో ఉండేది. అన్నం తినేటప్పుడు కూడా లైబ్రరీ పుస్తకం ఏదో ఒకటి చేతిలో ఉండేది. ఆ పేరే నన్ను దెబ్బ తీసింది. తెలియదు అనడానికి నోరు రాలేదు. ఒక గన్ను చూపించాను. సన్నటి మేకులు, తల దాదాపు లేదు. కొడితే పలక మీద ఆనవాలే కనబడదు. పెట్టె ఎంత నున్నగా ఉంటుందో అనిపించింది.

గన్ను వచ్చింది. పెట్టెలు నిజంగానే నున్నగా వచ్చాయి. మొదటి లోడు గూడ్సు యార్డులో ఎత్తుతుండగానే ఒక పెట్టె అడుగుపలక ఊడి, బండలు నేల మీద పడ్డాయి. మేకుకు తల లేదు కదా, పలక బరువుకు మేకు మీదుగా జారి వచ్చేసింది. ఎవరి కాళ్ళ మీదా పడలేదు. అది మా గొప్ప కాదు.

ఓబులేసు ఆ పెట్టెను తిరగేసి, పలక ఊడిన చోట నిలబడి ఉన్న సన్నటి మేకులను చూశాడు. "గడ్డం గీసే బ్లేడుతో తుమ్మచెట్టు కొట్టమన్నట్టుండాది," అన్నాడు. సేటు నా వైపు చూశాడు. నేను యార్డు వైపు చూశాను.

ఆ సన్న మేకుల గన్ను తప్పుడు గన్నేమీ కాదు. తలుపు చట్రానికి బీడింగు బద్దెలు కొట్టడానికి, బీరువా అంచులకు అదే సరైనది. పెట్టెకు అది తప్పు. నేను పుస్తకంలో గన్నును చూశాను, పనిని చూడలేదు. పార్వతీ, మొదట అడగాల్సింది గన్ను గురించి కాదు. ఏ కొయ్య, పలక ఎంత మందం, లోపల ఏముంటుంది, దాన్ని ఎవరు ఎత్తి ఎక్కడ పడేస్తారు. దీనికి జవాబు దొరికితే మేకు ఏదో తెలుస్తుంది. మేకు తెలిస్తే గన్ను తెలుస్తుంది. పైపలక మందానికి రెండు రెట్లకు పైన మేకు పొడుగుండాలి. కానీ మొన అవతలికి రాకూడదు. మా పెట్టెలో వస్తే బండకు గీత పడేది. నీ పెట్టెలో వస్తే కాయకు గాటు పడుతుంది, కాయలు నింపే ఆడమనిషి చెయ్యి గీసుకుంటుంది. అట్టలాంటి పలుచని ప్లైవుడ్డుకు మేకు కూడా అక్కరలేదు, పిన్నులు కొట్టే గన్ను చాలు. తూటా పెట్టి సిమెంటు గోడకు కొట్టే గన్ను ఒకటుంది. ఎవరైనా చవకగా ఇస్తామంటే కొయ్యపనికి దాన్ని తీసుకోవద్దు. మేకు పలకను దాటి ఎదుటి మనిషి దాకా పోతుంది.

ఇంకొకటి. గన్ను బరువు దుకాణంలో తెలియదు. చెయ్యి చాచి పావుగంట పట్టుకుని నిలబడితే తెలుస్తుంది. రోజంతా ఎత్తేది ఎవరో ఆ చేతిలో పెట్టి చూడాలి. నేను ఆ పని రెండుసార్లూ చేయలేదు.

రెండు ట్రిగ్గర్లు

రెండో గన్ను కొనేటప్పుడు జాగ్రత్తపడ్డాను. సన్న తీగతో ఒకదానికొకటి అతికించిన మేకులు చుట్టగా వస్తాయి. ఆ చుట్ట గన్ను కడుపులో కూర్చుంటుంది. తలలు పెద్దవి, ఒంటికి ఉంగరాల్లాంటి గీతలు ఉంటాయి, దిగితే ఊడవు. ఒక చుట్ట వేస్తే పూటంతా కొట్టవచ్చు. పెట్టెల పనికి అదే సరైన గన్ను. ఆ మాట ఇప్పటికీ అంటాను.

గన్ను మొన దగ్గర ఒక ఇనుప నాలుక ఉంటుంది. దాన్ని కొయ్యకు ఆనించి నొక్కితేనే అది లోపలికి పోతుంది, అప్పుడే గన్ను పేలుతుంది. గాలిలో ట్రిగ్గరు నొక్కితే పేలదు. మనిషికి రక్ష అదే.

డబ్బాలో గన్నుతో పాటు చిన్న ప్లాస్టిక్ సంచిలో ఇంకో ట్రిగ్గరు వచ్చింది. దాని కాగితం ఇంగ్లీషులో ఉంది. గన్నుకు బిగించి వచ్చిన ట్రిగ్గరుతో అయితే వేలు నొక్కే ఉంచి, మొనను పలక మీద తాటిస్తూ పోవచ్చు. తాకిన చోటల్లా మేకు దిగుతుంది. సంచిలో ఉన్న ట్రిగ్గరు పెట్టుకుంటే ఒక్కో మేకుకు మొన ఎత్తాలి, వేలు వదలాలి, మళ్ళీ మొన ఆనించి మళ్ళీ నొక్కాలి. నిదానం.

వ్యాగన్లు వచ్చి ఉన్నాయి. సేటు గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "ఏది బిరబిరా పోతుందో అది పెట్టండి," అన్నాడు.

నేను ఓబులేసును అడిగాను. అడిగాననే గుర్తు. రెండూ బిగించి చూపించాను. అతను రెండింటితోనూ నాలుగేసి మేకులు కొట్టి, "బిరబిర కొట్టేదే బాగుండాదిలేప్పా," అన్నాడు. ఈ మాట నా చెవుల్లో స్పష్టంగా ఉంది. కానీ అది నేను నిర్ణయం చెప్పకముందు అన్నాడా, చెప్పిన తర్వాత అన్నాడా అన్నది గుర్తులేదు. ముందు అని ఉంటే అది అతని ఇష్టం. తర్వాత అని ఉంటే ఫోర్‌మన్ మాట కాదనలేక అన్న మాట. ఎన్నిసార్లు తలుచుకున్నా ఒక్కోసారి ఒక్కోలా గుర్తొస్తుంది.

రెండో ట్రిగ్గరును మళ్ళీ సంచిలో వేసి, మూతి కట్టి అతని చేతిలో పెట్టాను.

"దీన్నేం జేసేది?"

"యాడన్నా దాచిపెట్టన్నా. మనకు పనిలేదు."

నూనె

గాలి గన్నుకు రోజూ పొద్దున, గాలి గొట్టం తగిలించే చోట, నాలుగు చుక్కల నూనె వేయాలి. దానికి ప్రత్యేకమైన పలుచని నూనె ఉంటుంది. మా సీసా అయిపోయింది. బెంగళూరు నుంచి రావాలి. వారమైంది, రెండు వారాలైంది. నూనె లేకుండా కొడితే లోపలి రబ్బరు చుట్లు అరిగిపోతాయని భయం.

ఓబులేసు ఇంటి నుంచి చిన్న సీసా తెచ్చాడు. సొంత చేనిలో కాసిన కాస్త వేరుశనగను మిల్లులో ఆడించి తెచ్చుకున్న నూనె. తలకు అదే, తాళింపుకు అదే, బండి ఇరుసుకు అదే, కొడవలి తుప్పు పట్టకుండా అదే.

"వద్దన్నా, దీనికి వేరే నూనె ఉంది," అన్నాను.

"బండి ఇరుసు ఇరవై ఏండ్లు తిరిగింది ఈ నూనెతో. ఈ గన్ను ఏం కలెక్టరా?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. "సరే, వేసుకో. సీసా వచ్చేదాకా," అన్నాను.

గన్నుతో వచ్చిన కాగితంలో రాసి ఉంది, వంటనూనెలు వాడకూడదని. ఆ వరస నేను చదివానా లేదా అన్నది కూడా చెప్పలేను. ప్రమాదం తర్వాత తీసి చూస్తే ఉంది. లైబ్రరీ పుస్తకాలు అట్ట నుంచి అట్ట దాకా చదివినవాణ్ణి, ఎనిమిది పేజీల కాగితాన్ని సొరుగులో పడేశాను.

వంటనూనె ఆరితే బంకవుతుంది. ఎండాకాలం వంటింటి గూట్లో నూనె గిన్నె అంచు పట్టుకుని చూడండి, వేలికి అంటుకుంటుంది. మా షెడ్డులో దాని మీద రంపపు పొట్టు, ఎర్ర దుమ్ము చేరాయి. ఇనుప నాలుక పోయివచ్చే సందులో కొద్ది కొద్దిగా పేరుకుంది. పైకి ఏమీ కనబడలేదు. గన్ను బాగానే కొడుతోంది.

అప్పుడు ఆయుధ పూజ వచ్చింది. ఆ రోజు ఏ పనిముట్టూ ముట్టుకోము. రంపాలు, చిత్రికలు, ఉలులు, సుత్తులు కడిగి, బల్ల మీద వరసగా పెట్టి, పసుపూ కుంకుమా పెడతాం. ఆ ఏడు బల్ల మధ్యలో గన్నును పెట్టారు. సేటు కొబ్బరికాయ కొట్టాడు. ఓబులేసు తడిపిన పసుపును గన్ను ఒంటికి రాసి, కుంకుమ బొట్లు పెట్టాడు. "నోటికి కూడా పెట్టాలప్పా, కొట్టేది అదే గదా," అని మొనకు, ఆ నాలుకకు చుట్టూ పెట్టాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. సుత్తికి పసుపు రాస్తే సుత్తికి ఏమీ కాదు. తరతరాలుగా రాస్తున్నాం. కదిలే సందులున్న పనిముట్టుకు రాయడం అదే మొదటిసారి. ఆ తేడా నాకు తట్టలేదు. ఎవరికీ తట్టలేదు.

మరుసటి రోజు పొద్దున పది గంటలకు ఓబులేసు మూడో పెట్టె కొడుతున్నాడు. గన్ను ఆగింది. పలకకు తాటించాడు, పేలలేదు. మళ్ళీ తాటించాడు, పేలలేదు. వేలు వదిలి గన్నును ఒళ్ళోకి తిప్పుకున్నాడు. ఇనుప నాలుక లోపలే ఇరుక్కుపోయి ఉంది. దాన్ని బయటికి లాగుదామని ఎడమచెయ్యి మొన మీద పెట్టాడు. పట్టు కోసం కుడిచేతి వేళ్ళు బిగించాడు. అందులో ఒక వేలు ట్రిగ్గరు మీద ఉంది.

నేను నాలుగడుగుల దూరంలో కొలత గీస్తున్నాను. శబ్దం మామూలు శబ్దమే. అందుకే తల ఎత్తలేదు. "అప్పా," అని పిలిచాడు. అరవలేదు. చూస్తే అరచెయ్యి పైకెత్తి పట్టుకుని ఉన్నాడు. మేకు తల ఇటువైపు, మొన అటువైపు.

ఆసుపత్రికి ఆటోలో తీసుకుపోయేటప్పుడు చేతిని నా తువ్వాల మీద పెట్టుకుని అడిగాడు. "నూనెదా, పసుపుదా?"

"ఏమన్నా?"

"ఇరుక్కున్నేది. నూనెకా, పసుపుకా?"

"తెలీదన్నా," అన్నాను.

"నాగ్గూడా తెలీల్యా," అన్నాడు. అంతే. ఆ తర్వాత తొమ్మిదేళ్ళు బతికి ఉన్నాడు, చాలా మాటలు మాట్లాడుకున్నాం, ఈ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

మూడు నెలలకు పనిలోకి వచ్చాడు. గన్ను పట్టలేదు. పలకలు ఏరి పెట్టేవాడు. వాన పడిన ఏడు చేనికి పోయి, వేరుశనగ పీకేటప్పుడు ఎడమచేతి మూడు వేళ్ళతోనే పీకాడని విన్నాను. మిగిలిన రెండు వేళ్ళు ఎప్పుడూ దేన్నో చూపిస్తున్నట్టు నిటారుగా ఉండేవి. ఆ చేతిని చూడకుండా మాట్లాడటం నేను అలవాటు చేసుకున్నాను.

షెడ్డు మూసేసినప్పుడు ఎవరికి కావలసిన సామాను వాళ్ళు తీసుకోమన్నాడు సేటు. ఓబులేసు ఆ గన్నునే అడిగాడు. అందరూ విస్తుపోయారు. "కొట్టేదానికి గాదు. ఊరికే ఉండనీ," అన్నాడు.

తేలని లెక్క

నేను మూడింటినీ విడదీసి చూడాలని ఎన్నోసార్లు ప్రయత్నించాను. నాలుక ఇరుక్కోవడానికి నూనె కారణం కావచ్చు. దానికి ఒప్పుకున్నది నేను. పసుపు కుంకుమలూ కారణం కావచ్చు, అది అందరమూ చేసుకున్న పూజ. మొన మీద చెయ్యి పెట్టడం ఓబులేసు చేసినది, కానీ పెట్టకూడదని అతనికి నేర్పవలసినది నేను. ఇవన్నీ సరే. అసలు పీడించే ప్రశ్న వేరే. నాలుక ఎలా ఇరుక్కున్నా, సంచిలోని రెండో ట్రిగ్గరు ఉండి ఉంటే గన్ను పేలేదా, పేలకపోయేదా? ప్రతి మేకుకూ మొన ఎత్తితేనే మళ్ళీ పేలుతుందని కాగితంలో ఉంది. నాలుక లోపలే ఉండిపోతే మొన ఎత్తనట్టే లెక్క. అప్పుడు పేలకూడదు. పేలకపోయేదంటే ఆ చేతిని పాడుచేసింది నా ఎంపిక. పేలేదంటే ఏది ఎంచినా ఒకటే.

ప్రమాదం అయిన వారానికి సొరుగులో ఆ సంచి కోసం వెతికాను. దొరకలేదు. దాన్ని ఓబులేసు చేతికే ఇచ్చానన్నది గుర్తుంది. అతన్ని అడగడానికి మొహం చెల్లలేదు.

పార్వతి అడిగిన ఐదో రోజున నేను ఫోన్ చేయలేదు. బస్సెక్కి ఉరవకొండ పోయాను.

పార్వతి షెడ్డు బస్టాండుకు దగ్గరే. నన్ను చూసి స్టూలు వేసింది. "ఫోన్లో చెప్తే సరిపాయ గదా చిన్నాయనా. ఇంత ఎండలో."

"ఆ పాత గన్ను ఉందా?"

"ఉండాది. దాంతో కొట్టొద్దని నాయన కట్టడి జేసినాడు. అందుకే కొత్తది అడిగింది." లోపలి నుంచి గోనెసంచిలో చుట్టిన గన్ను తెచ్చింది. దానితో పాటు ఓబులేసు మేకుల డబ్బా. మూత తీస్తే మొనలు మొద్దు చేసిన మేకులు గుప్పెడు, వాటి అడుగున ఆ ప్లాస్టిక్ సంచి. నేను కట్టిన మూతి కూడా విప్పలేదు.

"ఇది ఎందుకు పెట్టుకున్నాడమ్మా?"

"నువ్వు దాచిపెట్టమన్నావంట గదా. చిన్నాయన అడిగిన నాడు దీన్ని ఇయ్యాల, యాడా పారెయ్యొద్దు అనేవాడు."

నేను ఆ సంచిని కాసేపు చేతిలో పట్టుకున్నాను. అది కోపంతో దాచాడా, మాట కోసం దాచాడా, రైతు దేన్నీ పారేయడు కనుక దాచాడా? నాకు తెలియదు. మూడూ నిజం కావచ్చు.

పక్కనున్న పంక్చరు షాపు కంప్రెసరు నుంచి గొట్టం లాగించాను. గన్నును విప్పి, తుడిచి, అందులో మిగిలి ఉన్న మేకుల చుట్టను మళ్ళీ పెట్టి, ఇనుప నాలుకను లోపలికి నొక్కి దారంతో బిగించి కట్టాను. ఇరుక్కుపోయినట్టే అన్నమాట. తుమ్మ దిమ్మెకు మొన ఆనించి, పార్వతిని వెనక్కి పొమ్మని, పాత ట్రిగ్గరు నొక్కాను. పేలింది. ఇది తెలిసినదే.

ట్రిగ్గరు మార్చాను. పిన్ను ఒకసారి కింద పడింది. పార్వతి వెతికి ఇచ్చింది. నాలుక కట్టి ఉంచే, ఒకసారి కొట్టి, వేలు వదిలి, మళ్ళీ నొక్కాను. పేలలేదు. మళ్ళీ నొక్కాను. పేలలేదు. నాలుగుసార్లు నొక్కాను, నాలుగుసార్లూ పేలలేదు. అక్కడితో ఆపి ఉంటే జవాబు దొరికినట్టే. ఐదోసారి నొక్కాను. పేలింది.

పాత గన్ను, అరిగిన రబ్బర్లు. కొత్తలో ఐదోసారి కూడా పేలేది కాదేమో. లేదా ఆ రోజే ఐదోసారి అయి ఉండేదేమో. పదేళ్ళ ప్రశ్నను పట్టుకుని ఉరవకొండ దాకా వచ్చి, అదే ప్రశ్నను చేతిలో పట్టుకుని కూర్చున్నాను.

"ఏం చూస్తాండావు చిన్నాయనా?" అంది పార్వతి.

చెప్పాను. ట్రిగ్గర్ల సంగతి, నూనె సంగతి, సేటు గుమ్మంలో నిలబడిన సంగతి అన్నీ చెప్పాను. ఆమె ఊరడించలేదు. దిమ్మెలో దిగిన మేకులను వేలితో తడుముతూ వింది.

"అయితే నేను ఏది కొనాల?" అంది.

"చుట్ట మేకులదే కొను. నీ పలకకు చిన్న సైజు చాలు, తేలిగ్గా ఉంటుంది. నీ ఒక్క చేతిలోనే కాదు, ఆ ఇద్దరి చేతుల్లో కూడా పెట్టి చూడు. ట్రిగ్గరు మటుకు ఇట్లాంటిదే పెట్టించు. దాని నూనె రెండు సీసాలు తెచ్చుకో, అయిపోతే పని ఆపు. ఆయుధ పూజకు డబ్బా మీద బొట్టు పెట్టు, గన్నుకు వద్దు."

"నిదానంగా పోతాది గదా, ఇది."

"పోతాది."

"ఐదింటిలో ఒకటి ఇదీ పేలె గదా."

"పేలింది," అన్నాను.

ఆమె గన్నును తన ముందుకు లాక్కుంది. నాలుకకు కట్టిన దారం విప్పాలని చెయ్యి చాచింది. వద్దని చెప్పబోయాను. నోరు తెరిచేలోపే ఆమె చెయ్యి వెనక్కి తీసుకుని, ముందు గాలి గొట్టం ఊడదీసి దూరంగా పెట్టింది. గన్నును నేలకేసి తిప్పి ట్రిగ్గరు ఒకసారి నొక్కి, మిగిలిన గాలి పోయిందని చూసుకుంది. అప్పుడు మొన పట్టుకుని దారం విప్పింది.

"ఇది ఎవరు నేర్పినారు?"

"నాయనే. చేతిలో గన్ను లేకున్యా చెప్తాండె. మొన ముట్టుకునే ముందర గొట్టం తియ్యాల, గొట్టం తియ్యాల అని. అన్నం పెట్టేటప్పుడు గూడా. మాకు నవ్వొస్తాండె." దారాన్ని వేలికి చుట్టి పక్కన పెట్టింది. "నీకు చెప్పలేదా?"

"నేను అడగలేదమ్మా," అన్నాను.